డిండి ఒక్కటే ఎందుకు చెడిపోతుంది?

కోడ్ ముచ్చట్లు: పాఠకుల ప్రశ్నలు, అక్క జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నలల్ల సగానికి ఎక్కువ ఒకటే గోస, సొంతంగ వెక్టర్ (అవసరమైనకొద్ది పెరిగే లిస్టు) రాసినం అక్కా, కూలిపోతుంది అని. పాలమూరు నుంచి సూర్యాపేట దాక సార్లందరు కూడబలుక్కొని ఇదే అసైన్‌మెంట్ ఇచ్చిన్రా ఏంది తెల్వదు. ఒక తీరువి కలిపేసి కొన్నిటికే జవాబు రాస్తున్న. మొదటిదానికే జాగ ఎక్కువ పట్టింది, చదివితే ఎందుకో మీకే తెలుస్తది.

ప్రశ్న: అక్కా నమస్తే. నల్గొండల బీటెక్ థర్డ్ ఇయర్ చదువుతున్న. సీ ప్లస్ ప్లస్‌ల సొంత వెక్టర్ రాసిన, లోపల జాగ తీసేటందుకు మాలోక్, నిండినప్పుడు జాగ పెంచేటందుకు రియాలోక్, కొత్తది ఆ జాగల ఎక్కించేటప్పుడు ప్లేస్‌మెంట్ న్యూ. ఇంటీజర్లతోని మస్తు నడిచింది. తర్వాత స్ట్రింగులు పెట్టి మన జిల్లా మండలాల పేర్లు తెలుగుల ఎక్కించిన. నల్గొండ, మిర్యాలగూడ, నకిరేకల్, చండూరు అన్ని మంచిగొస్తున్నయ్, డిండి, కనగల్ ఈ రెండే పిచ్చి పిచ్చి గుర్తులు వస్తున్నయ్. ప్రోగ్రామ్ అయిపోయేటప్పుడు ‘ఫ్రీ: ఇన్‌వాలిడ్ పాయింటర్’ అని ఆగిపోతుంది. ఫాంట్ మార్చి చూసిన, కాలే. యూనికోడ్ ప్రాబ్లమా అక్కా?
– దేవరకొండ తమ్ముడు

జవాబు: తమ్మీ, ఫాంట్ పాపం ఏం చెయ్యలే. యూనికోడ్‌ది గూడ తప్పు లేదు గని దానికి ఈ కతల చిన్న పాత్ర ఉంది. నీ ఉత్తరం చదివి నేను నవ్వుకున్న, నిన్ను చూసి కాదు, ఇంత సక్కగ తప్పును పట్టిచ్చే లిస్టు కావాల్నని ఎతికినా దొరకదు.

యూటీఎఫ్-8ల (యూనికోడ్ గుర్తులను బైట్లుగ రాసే పద్ధతి) తెలుగు గుర్తు ఒక్కోదానికి 3 బైట్లు. గుర్తు అంటే బడిల నేర్చుకున్న అక్షరం కాదు, గుడి వేరే లెక్క, సున్న వేరే లెక్క, పొల్లు వేరే లెక్క. డిండి లెక్కవెట్టు: డ, గుడి, సున్న, మళ్ల డ, మళ్ల గుడి. ఐదు. ఐదు మూళ్లు 15. కనగల్: క, న, గ, ల, పొల్లు, మళ్ల 15. చండూరు ఆరు గుర్తులు, 18 బైట్లు. నల్గొండ ఏడు, 21 బైట్లు. మిగిలినయి ఇంకా పెద్దగున్నయ్. అంటే నీ లిస్టుల 15 బైట్లు ఉన్న పేర్లే పోయినయ్, 15 దాటినయి బతికినయ్.

ఇగ స్ట్రింగ్ కడుపుల ఏముందో చూడు. జీసీసీ కంపైలర్ తోని వచ్చే స్ట్రింగ్ 64 బిట్ మెషిన్‌ల 32 బైట్ల డబ్బా. 8 బైట్లు పాయింటర్ (అక్షరాలు ఉన్న చోటు అడ్రస్), 8 బైట్లు పొడవు, మిగిలిన 16 బైట్లు ఒక చిన్న అర లెక్క. పేరు 15 బైట్లల్ల పడితే (చివర సున్నా బైటుతోని 16) అది హీప్ (ప్రోగ్రామ్ నడుమల అడిగి తీస్కునే మెమరీ) జోలికే పోదు, ఆ అరలనే పెట్టుకుంటది, పాయింటర్ తన కడుపునే చూపెడ్తది. 15 దాటితే బయట హీప్‌ల జాగ తీస్కొని పాయింటర్‌ను అక్కడికి తిప్పుతది. ఇప్పుడు నువ్వు రియాలోక్ పిలిచినవ్. అక్కడ్నే పెంచే వీలు లేకుంటే రియాలోక్ కొత్త జాగ తీస్కొని, పాత బైట్లు ఉన్నయి ఉన్నట్టు అక్కడ పోసి, పాత జాగను ఇడిసిపెడ్తది. దానికి స్ట్రింగ్ అంటే ఏందో తెల్వదు, బైట్లే తెలుసు. నల్గొండ పాయింటర్ బయట హీప్‌ను చూస్తుంది, డబ్బా కదిలినా దానికేం గాలే. డిండి పాయింటర్ మాత్రం తన పాత కడుపును చూపెడ్తుంది. డబ్బా కొత్తింటికి వచ్చింది, అడ్రస్ పాతింటిదే.

శ్రీశైలం ప్రాజెక్టు ముంపుల పోతదని కూడవెల్లి సంగమేశ్వర గుడిని అలంపూర్‌కు మార్చిన్రు కదా. పాత అడ్రస్ చీటీ పట్టుకొని ఎవడన్న పోతే వానికి నీళ్లే కనవడ్తయ్. నీళ్లు తగ్గిన కాలంల పాత గోడలు ఇంత తేల్తయ్, అప్పుడు పోయినోడు ‘ఊరు ఉన్నట్టే ఉంది గదా’ అనుకుంటడు. ఫ్రీ అయిన మెమరీ కూడ గంతే, కొన్నిసార్లు పాత డేటా అట్లనే కనవడ్తది, ఆ కొన్నిసార్లే మన కొంప ముంచుతది. నీకు డిండి మొదట్ల రెండుసార్లు మంచిగనే వచ్చి ఉండాలె, గుర్తుకు తెచ్చుకో.

మరి చివర ఆ ఇన్‌వాలిడ్ పాయింటర్ ఏంది అంటవా. స్ట్రింగ్ చచ్చేటప్పుడు ఒకటి చూసుకుంటది, నా పాయింటర్ నా కడుపునే చూస్తుందా, చూస్తే ఫ్రీ చేసేది లేదు, లేకుంటే హీప్‌ది, ఫ్రీ చెయ్యాలె. డిండి చూసుకుంది, పాయింటర్ తన కడుపుల లేదు, ‘ఓహో హీప్‌ది’ అనుకొని ఎక్కడిదో పాత బ్లాక్ నడుమ అడ్రస్‌ను తీస్కపోయి ఫ్రీకి ఇచ్చింది. జీలిబ్‌సీ (మాలోక్, ఫ్రీ ఉండే లైబ్రరీ) ఒప్పుకోలే, ఆపేసింది. ఆపింది కాబట్టి బతికినవ్.

సరిచేసుడు ఎట్లంటే, రియాలోక్ తీసెయ్. కొత్త జాగ వేరేగ తీస్కో, పాత స్ట్రింగులను ఒక్కొక్కటి మూవ్ చేసుకుంట కొత్త జాగల ప్లేస్‌మెంట్ న్యూ తోని పుట్టియ్, పాతదాని డిస్ట్రక్టర్ (చచ్చేటప్పుడు సాఫ్ చేసే ఫంక్షన్) పిలువ్, అన్ని అయినంకనే పాత జాగ ఫ్రీ చెయ్. ఇంటీజర్లు, ఉత్త అంకెలున్న స్ట్రక్టులు ఇట్లాంటివి బైట్లు కాపీ కొడితే సరిపోతయ్, భాషల వీటిని ట్రివియల్లీ కాపీయబుల్ అంటరు. రియాలోక్ వాడాల్సిందే అనుకుంటే ఈ కండిషన్‌ను స్టాటిక్ అసర్ట్‌ల రాసిపెట్టు, స్ట్రింగ్ పెట్టంగనే కంపైలరే అరుస్తది. రస్ట్ అనే ఇంకో భాషల ఈ బాధ లేదు, అక్కడ మూవ్ అంటేనే బైట్ల కాపీ, మామూలు టైపు తన కడుపును తనే చూపెట్టుకునేటట్టు రాయనియ్యరు, అందుకే వాళ్ల వెక్టర్, దాన్ని వెక్ అంటరు, నిశ్చింతగ రియాలోక్ వాడుకుంటది.

ప్రశ్న: అక్కా, నేను రాసిన వెక్టర్‌ల మొదటి ఎలిమెంట్ అడ్రస్ ఒక పాయింటర్‌ల దాచుకున్న. ఇంకొన్ని పుష్ చేసినంక దాన్ని చదివితే నా లాప్‌టాప్‌ల కరెక్ట్ వస్తుంది, ల్యాబ్ సిస్టమ్‌ల తప్పొస్తుంది. మా సార్ ‘నీ కోడే తప్పు’ అన్నడు గని ఎక్కడో చెప్పలే.
– మిర్యాలగూడ చెల్లె

జవాబు: పైన తమ్మునికి చెప్పిందే నీకు గూడ చెల్లె, ముంపు ఊరు అడ్రస్. నీ లాప్‌టాప్‌ల రియాలోక్‌కు పక్కన ఖాళీ దొరికింది, అక్కడ్నే పెంచింది. ల్యాబ్‌ల దొరకలే, లేపి వేరేచోట పెట్టింది. రెండు మెషిన్లు కరెక్టే.

పెరిగినప్పుడల్ల కదులుతది గదా, మరి ఒక్కొక్కటి పెంచకుండ ఎందుకు డబుల్ చేస్తరో నీకు తెలిసే ఉంటది గని లెక్క చూడు. లక్ష ఎలిమెంట్లు ఒక్కొక్కటిగ జాగ పెంచుకుంట, ప్రతిసారి కొత్తచోటికి మోస్తే, కాపీలు దగ్గర దగ్గర 500 కోట్లు. డబుల్ చేసుకుంట పోతే 1,31,071. జీసీసీ వాళ్ల లైబ్రరీ రెండింతలు చేస్తది, మైక్రోసాఫ్ట్‌ది ఒకటిన్నర. అందుకే ఒకదాంట్ల 9వ పుష్‌కు తప్పే పాయింటర్ ఇంకోదాంట్ల వేరే పుష్‌కు తప్పుతది. పాయింటర్ దాచకు, ఇండెక్స్ దాచు. లేకుంటే ముందే రిజర్వ్ చేసుకొని ఆ లెక్క దాటకు.

నాకు కడుపు మండే ఒక సంగతి ఇక్కడ్నే చెప్త. జాబ్‌ల చేరిన కొత్తల మా దగ్గర సొంత వెక్టర్ ఉండె, నేనే రాసిన. వెక్టర్‌ల ఉన్న ఎలిమెంట్‌నే మళ్ల దాంట్ల పుష్ చేస్తే, వి పుష్ వి ఆఫ్ 0, చెత్త వచ్చేది. వి ఆఫ్ 5 పుష్ చేస్తే మాత్రం కరెక్ట్. రెండు రాత్రులు దాని ముందట కూసున్న. పుష్ లోపల నేను చేసింది ఏందంటే: నిండిందా చూసుడు, కొత్త జాగ తీసుడు, పాతవి కాపీ కొట్టుడు, పాతది ఫ్రీ చేసుడు, తర్వాత కొత్త విలువ రాసుడు. ఆ కొత్త విలువ రిఫరెన్స్‌గ వచ్చింది, అది పాత జాగల ఉంది, దాన్ని నేను ఇప్పుడే ఫ్రీ చేసిన! మరి 5 ఎందుకు కరెక్ట్ వచ్చిందంటే, 8 ఇంటీజర్ల బ్లాక్, 32 బైట్లు, ఫ్రీ చెయ్యంగనే జీలిబ్‌సీ తన ఖాళీ జాగల లెక్కను ఆ బ్లాక్ మొదటి 16 బైట్లల్లనే రాసుకుంటది. 0 నుంచి 3 దాక దానికింద పోయినయ్, 4 నుంచి 7 చెక్కుచెదరలే. నా టెస్టుల నేను 5 పెట్టిన, అందుకే ముందుగాల దొరకలే. నీది గిట్లనే ఉంటే వరుస మార్చు: కొత్త జాగ తియ్, ముందు కొత్త విలువను దాని చోట్ల రాయ్, అప్పుడు పాతవి తెచ్చుకో, అన్నిటికంటే ఆఖర్ల ఫ్రీ. సీ ప్లస్ ప్లస్ తోని వచ్చే వెక్టర్‌ల ఇది కరెక్ట్‌గ పనిచెయ్యాల్సిందే అని రూల్ ఉంది, మనం రాసినప్పుడే మర్చిపోతం.

ప్రశ్న: అక్కా, నా వెక్టర్‌ను ఒక ఫంక్షన్‌కు పంపి వాపస్ రాంగనే ‘డబుల్ ఫ్రీ డిటెక్టెడ్ ఇన్ టీక్యాష్ 2’ అంటుంది. ఫంక్షన్‌ల నేను ఫ్రీ అన్న మాటే రాయలే, ఒట్టు.
– మహబూబ్‌నగర్, పేరు వద్దన్నడు

జవాబు: నువ్వు రాయలే, కంపైలర్ రాసింది. పట్టాదారు పాస్‌బుక్ జిరాక్స్ కొట్టిస్తే భూమి డబుల్ అయితదా? నువ్వు కాపీ కన్‌స్ట్రక్టర్ రాయకుంటే కంపైలర్ ఇచ్చేది జిరాక్సే, పాయింటర్ అంకె ఒక్కటి కాపీ అయితది. ఫంక్షన్ అయిపోంగనే జిరాక్స్ పట్టుకున్నోడు ‘ఇది నా భూమి’ అని అమ్ముకొని పోయిండు, తర్వాత అసలోడు అమ్మవోతే దొరికిపోయిండు. డిస్ట్రక్టర్ రాసినవంటే కాపీ కన్‌స్ట్రక్టర్, కాపీ అసైన్‌మెంట్ కూడ రాయాలె, సీ ప్లస్ ప్లస్ 11 నుంచి మూవ్‌వి రెండు కలిపి ఐదు. మూవ్‌ల ఎదుటోని పాయింటర్ గుంజుకున్నంక అతనిది నల్ చేసుడు మర్చిపోకు, మర్చిపోతే మళ్ల ఇదే మెసేజ్. ఇంత లొల్లి ఎందుకనుకుంటే కాపీని డిలీట్ అని రాసెయ్, ఫంక్షన్‌కు రిఫరెన్స్ పంపు. సగం మందికి ఇదే సాలు.

ప్రశ్న: అమ్మా, నేను గద్వాలల కంప్యూటర్స్ లెక్చరర్‌ను. రస్ట్ సేఫ్ అని పిల్లలకు చెప్తున్న. ఒక పిల్లగాడు స్టాండర్డ్ లైబ్రరీ తెరిచి వెక్ లోపల అంత అన్‌సేఫే (మెమరీ జిమ్మేదారి కంపైలర్‌ది కాదు, రాసినోనిదే అనే కోడ్) ఉంది సార్, ఇగ సేఫ్ ఏడుంది అన్నడు. జవాబు చెప్పలేకపోయిన.

జవాబు: నమస్తే సార్. ఆ పిల్లగానికి ముందుగాల శెభాష్ చెప్పండ్రి, లైబ్రరీ తెరిచి చూసేటోళ్లు తక్కువ.

మా నాయన రైస్ మిల్లుల గుమస్తా. బస్తాల గోదాంల మూడు మాటలే చెప్పేటోడు: ఎక్కడ మొదలు, ఎన్ని పట్టే జాగ, ఎన్ని నిండినయ్. వెక్ కూడ గంతే సార్, పాయింటర్, కెపాసిటీ, లెన్త్. జాగ ఉన్నంత మాత్రాన బస్తా ఉన్నట్టు కాదు. 8 పట్టే జాగల 5 నిండినయంటే మిగిలిన 3 చోట్ల ఏముందో అడగొద్దు, చదవొద్దు, డ్రాప్ చెయ్యొద్దు (రస్ట్‌ల డిస్ట్రక్టర్ పిలుసుడు). ఉత్త పాయింటర్‌కు ఇవేం తెల్వయ్, అది ఒట్టి అడ్రస్. ఆ లెక్కను ఎవరో ఒకరు రాసిపెట్టాలె, రాసినోడు తప్పకుండ చూసుకోవాలె. సీల ఆ ఎవరో ఒకరు ప్రోగ్రామ్ రాసే ప్రతోడు. రస్ట్‌ల ఆ ఒక్క మాడ్యూల్ రాసినోడు. బయటోడు సేఫ్ కోడ్ ఎంత తలకిందులు రాసినా లెన్త్‌ను ముట్టలేడు, అది ప్రైవేట్. మాడ్యూల్ లోపల మాత్రం, అన్‌సేఫ్ అన్న మాట లేకుండనే, లెన్త్ ఈక్వల్స్ వంద అని ఒక్క లైను రాస్తే అంత మునుగుతది. అందుకే అన్‌సేఫ్ బ్లాక్ ఒక్కటే చదివితే సరిపోదని, ఆ మాడ్యూల్ అంత చదవాలని పిల్లలకు చెప్పండ్రి. ఖాళీ చోట్ల కొత్త విలువ పెట్టేటప్పుడు మామూలు ఈక్వల్స్ వాడొద్దు, అది ‘పాతది’ అనుకొని అక్కడున్న చెత్తను ముందు డ్రాప్ చేస్తది, అందుకే పాయింటర్ రైట్ అని వేరే ఫంక్షన్ ఉంది.

అట్లని వాళ్లు తప్పులు చెయ్యలేదని కాదు. వెక్‌డెక్ (రెండు దిక్కుల నుంచి ఎక్కిచ్చే లిస్టు) రిజర్వ్‌ల బఫర్ దాటి రాసే తప్పు 1.3 వెర్షన్ నుంచి ఉండి 1.22ల పోయింది. స్ట్రింగ్ రిపీట్‌ల పొడవును సంఖ్యతో గుణించినప్పుడు లెక్క పొంగిపొర్లి చిన్న జాగ వచ్చేది, 2018ల 1.29.1ల సరిచేసిన్రు. ఈ గుణకారం తప్పు సీల మాలోక్ రాసేటోళ్లకు పాత చుట్టమే, ఎన్ను ఇంటు సైజాఫ్ అని రాస్తమే, అదే. స్మాల్‌వెక్ అనే లైబ్రరీల 2021ల దొరికింది ఇంకో తీరు. ఇటరేటర్ (ఒక్కొక్క విలువ అందిచ్చేది) ‘నా దగ్గర కనీసం ఇన్ని ఉన్నయ్’ అంటే దాన్ని నమ్మి అంతే జాగ తీసిన్రు, అది అంతకంటే ఎక్కువ ఇచ్చింది, బఫర్ దాటిపోయింది. ‘కనీసం ఇన్ని’ అంటే ‘ఇన్నే’ అని కాదు గదా సార్. అసల్ బయటోడు ఇచ్చిన ఇటరేటర్ అబద్ధమాడినా, వాడు ఇచ్చిన ఫంక్షన్ (క్లోజర్) నడుమ ప్యానిక్ అయి ఆగినా, మన లెన్త్ తప్పు చూపొద్దు. ఒకటి చేస్తరు, గమ్మత్తుగ ఉంటది: డ్రెయిన్ (వెక్ నుంచి కొన్నిటిని బయటికి తీసుడు) మొదలువెట్టంగనే లెన్త్‌ను తగ్గించేస్తరు, పని అయినంక మళ్ల సరిచేస్తరు. నడుమల ఎవడన్న మర్చిపోయినా, కావాలని డిస్ట్రక్టర్ నడవకుండ చేసినా, కొన్ని ఎలిమెంట్లు లీక్ అయితయ్ గని రెండుసార్లు ఫ్రీ కావు. లీక్‌ను వాళ్లు సేఫ్ అనే లెక్కవెడ్తరు, 2015ల 1.0 రాకముందే ఈ మాట తేల్చుకున్నరు, అప్పుడు మస్తు లొల్లి అయింది.

పిల్లగాడు అడిగిందానికి ఒక్క మాట: వెతకాల్సిన జాగ ఊరంత కాదు, ఒక్క వాడ. మైక్రోసాఫ్ట్ వాళ్లు 2019ల చెప్పిన్రు, ఏటా వాళ్లు సరిచేసే సెక్యూరిటీ లోపాలల్ల దగ్గర దగ్గర 70 శాతం మెమరీవే అని. ఊరంత వెతికితే గట్లనే ఉంటది.

ప్రశ్న: రస్ట్‌ల డబ్లీ లింక్డ్ లిస్ట్ రాద్దామని వారం నుంచి కొట్లాడుతున్న. బారో చెక్కర్ (ఏది ఎవరిదో చూసే కంపైలర్ భాగం) ఒప్పుకుంటలేదు. ఏం చెయ్యాలె?
– వనపర్తి

జవాబు: పాలమూరు పక్కన పిల్లలమర్రి చూసినవా? అసలు మాను ఏదో, ఊడ ఏదో తేల్చలేవు. డబ్లీ లింక్డ్ లిస్ట్ గంతే, ముందటోడు నన్ను పట్టుకున్నడు, నేను ముందటోన్ని పట్టుకున్న, ఓనర్ ఎవరు? బారో చెక్కర్ అడిగేది అదొక్కటే. నోడ్లన్ని ఒక వెక్‌ల పెట్టు, ముందు వెనక అని ఇండెక్స్‌లు రాసుకో, ఓనర్ ఆ వెక్ ఒక్కటే. ఒక్క జాగ్రత్త: తీసేసిన నోడ్ చోట్ల కొత్తది వస్తే పాత ఇండెక్స్ దాన్నే చూపెడ్తది. ఆర్టీసీ బస్సుల నిన్నటి టికెట్ పట్టుకొని ఇయ్యాల అదే సీట్ల కూసున్నట్టు. సీట్ నంబర్ పక్కన తారీఖు ఉన్నట్టు ప్రతి చోటుకు ఒక జనరేషన్ నంబర్ పెట్టు, రెండు కలిస్తేనే చదువు.

ప్రశ్న: ఇవన్ని పట్టుకునే టూల్ ఏమన్న ఉందా అక్కా? లాప్‌టాప్ 4 జీబీ ర్యామ్.
– సూర్యాపేట

జవాబు: ఉంది, 4 జీబీ సాలు. జీసీసీ కంపైల్ చేసేటప్పుడు మైనస్ జీ, మైనస్ ఎఫ్‌శానిటైజ్ ఈక్వల్స్ అడ్రస్ అని పెట్టు. ప్రోగ్రామ్ రెండింతలు స్లో అయితది, అయితే అవనీ, ఏ లైన్‌ల చదివినవ్, ఏ లైన్‌ల ఫ్రీ అయింది, ఏ లైన్‌ల తీస్కున్నవ్ మూడూ చూపెడ్తది. విండోస్‌ల మింజీడబ్ల్యూ వాడుతుంటే ఇది దొరకదు, డబ్ల్యూఎస్ఎల్ (విండోస్ లోపలనే లైనక్స్) ఏస్కో. రస్ట్‌ల అన్‌సేఫ్ రాస్తే నైట్లీ (రోజూ వచ్చే ట్రయల్ వెర్షన్) పెట్టుకొని కార్గో మిరి టెస్ట్ కొట్టు, చాన స్లో, చిన్న టెస్టులే ఇయ్యి. కానీ టూల్ నడిచిన దారిలున్న తప్పునే పట్టుకుంటది, నువ్వు ఆ దారిల నడిపియ్యాలె. కెపాసిటీ 1 నుంచి మొదలువెట్టు, డబుల్ చేసుకుంట పోతే అప్పుడు 2, 3, 5, 9వ పుష్‌లకు జాగ కదులుతది. ఖాళీ వెక్టర్‌ను చంపి చూడు, తనను తనకే అసైన్ చేసి చూడు, వి ఆఫ్ 0ను దాంట్లనే పుష్ చేసి చూడు, ఒట్టి 5తోని సరిపెట్టుకోకు. స్ట్రింగులైతే చిన్నయి పెద్దయి కలిపి ఇయ్యి, నల్గొండ, చండూరు, వాటి పక్కన డిండి.